ఇంజను స్టార్టు కానప్పుడు: లాంచీ డీజిల్ ఇంజనులో లోపాన్వేషణ

గత పాఠంలో నాలుగు స్ట్రోకుల డీజిల్ ఇంజను ఎలా పనిచేస్తుందో చదివారు. గాలిని పీల్చుకోవడం, నొక్కడం, ఇంధనం మండడం, పొగను వదలడం అనే నాలుగు దశలూ మీకు ఇప్పుడు పరిచయమే. ఆ పాఠంలోని ఇంజను మనం చెప్పినట్లు విన్నది. ఈ పాఠంలోని ఇంజను వినదు. తాళం తిప్పుతాం, స్టార్టు కాదు. అప్పుడు ఏం చేయాలి, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదు అన్నది ఇక్కడి విషయం.

ఈ పాఠం పూర్తిచేసిన తరువాత, పానా చేతికి తీసుకోక ముందే లోపం ఏ భాగంలో ఉందో తర్కంతో తేల్చగలగాలి. ఎందుకంటే స్టార్టు కాని ఇంజనుల్లో చాలావాటికి జబ్బు ఇంజను లోపల ఉండదు. బ్యాటరీ తీగ దగ్గరో, డీజిల్ గొట్టంలోనో, మరచిపోయిన ఒక లీవరు దగ్గరో ఉంటుంది. ఆ సంగతి తెలియక పంపు విప్పించి, నాజిల్స్ మార్పించి వేలకు వేలు పోసేవారు ఎందరో.

ఏ ఇంజను గురించి మాట్లాడుతున్నాం?

పడవ వెనుక బయట తగిలించేది ఔట్‌బోర్డు ఇంజను. పడవ పొట్టలో అమర్చి, ఇరుసు ద్వారా అడుగున ఉన్న పంకాను తిప్పేది ఇన్‌బోర్డు ఇంజను. మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరి, అక్కడి నుంచి సాగర్ జలాశయం మీద నాగార్జునకొండ మ్యూజియం చూడటానికి లాంచీ ఎక్కినవారికి కాళ్ల కింద దడదడలాడే చప్పుడు గుర్తుండే ఉంటుంది. అది ఇన్‌బోర్డు ఇంజను చప్పుడు. బాపట్ల జిల్లా నిజాంపట్నం రేవులోని మరబోట్లలో ఉండేదీ ఈ రకమే.

నేను ఈ పాఠం రాస్తున్నది నాదెండ్లలో కూర్చుని. మా ఊళ్లో నది లేదు, లాంచీ లేదు. కానీ మిరప చేలకూ పత్తి చేలకూ నీళ్లు తోడే ఆయిలింజను ఉంది. మీలో పల్లెల నుంచి వచ్చినవారందరికీ దానితో చుట్టరికం ఉండే ఉంటుంది. హ్యాండిల్ వేసి తిప్పే ఆ ఒంటి సిలిండరు ఇంజనూ, లాంచీలోని నాలుగైదు సిలిండర్ల ఇంజనూ ఒకే సూత్రం మీద నడుస్తాయి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపి చూపిన సూత్రమే అది. పదిహేనేళ్లు తిరిగేసరికి, 1912లో, సెలాండియా అనే డెన్మార్క్ ఓడ ఆ ఇంజనులతో సముద్రాలు దాటింది. ఆ మరుసటి ఏడాది డీజిల్ ఇంగ్లండుకు ప్రయాణిస్తూ ఓడ మీద నుంచి మాయమయ్యాడు. ఆయన ఎక్కినది మాత్రం ఆవిరి ఓడ.

కాబట్టి మీకు తెలిసిన ఆయిలింజనును మనసులో ఉంచుకుని చదవండి. తేడా వచ్చిన చోట నేను చెబుతాను.

ముందు చెవి, తరువాత చేయి

డీజిల్ ఇంజను అంటుకోవడానికి కావలసినవి మూడు: తగినంత వేగంతో తిరగడం, సరైన వేళకు ఇంధనం అందడం, గాలి బాగా నొక్కుకుని వేడెక్కడం. పెట్రోలు ఇంజనులో లాగా దీనికి స్పార్క్ ప్లగ్గు లేదు. కనుక వెతకవలసిన చోట్లు తక్కువే.

మొదటి ప్రశ్న ఒక్కటే. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను తిరుగుతున్నదా, లేదా? తిరగకపోతే డీజిల్ గురించి ఆలోచించడమే అనవసరం. మామూలు వేగంతో తిరుగుతూ అంటుకోకపోతే బ్యాటరీ గురించి ఆలోచించడం అనవసరం. ఈ ఒక్క ప్రశ్నతో సగం ఇంజను మన అనుమానాల జాబితా నుంచి తప్పుకుంటుంది. తరువాత వేసే ప్రతి పరీక్షా ఇలాగే మిగిలినదాన్ని రెండుగా చీల్చాలి. అలా చీల్చని పరీక్ష ఎంత శ్రమపడి చేసినా వృథా.

దానికంటే ముందు ఒక్క నిమిషం. నీటి మధ్యలో ఇంజను ఆగితే మొదటి పని ఇంజను మూత తెరవడం కాదు. అందరికీ లైఫ్ జాకెట్లు వేయించి, లోతు అందే చోట లంగరు వేయాలి. అందని చోట ఒడ్డుకు కబురు పంపాలి. పొలంలో ఆయిలింజను ఆగితే ఆయిలింజను అక్కడే ఉంటుంది. లాంచీ ఇంజను ఆగితే లాంచీ గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

తిరగని ఇంజను

సెల్ఫ్ కొట్టినప్పుడు వినిపించేది జాగ్రత్తగా గమనించండి. అసలు చప్పుడే లేకపోవచ్చు. ఒకే ఒక 'టక్' రావచ్చు. 'టకటకటక' అని వరసగా కొట్టుకోవచ్చు. లేదా మూలుగుతూ అరచుట్టు తిరిగి ఆగిపోవచ్చు. ఇవి నాలుగు వేర్వేరు సమాచారాలు.

చప్పుడే లేదంటే విద్యుత్తు సోలినాయిడ్ దాకా కూడా చేరలేదు. బ్యాటరీ మెయిన్ స్విచ్ కట్టేసి ఉందేమో చూడండి. గేరు లీవరు న్యూట్రల్‌లో ఉందా? చాలా లాంచీల్లో గేరు పడి ఉంటే సెల్ఫ్ పనిచేయకుండా ఒక స్విచ్ అమర్చి ఉంటుంది, స్టార్టయిన మరుక్షణం పడవ ముందుకు దూకకుండా. లీవరును అటూ ఇటూ ఒకసారి కదిపి న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. ఆ తరువాతే ఫ్యూజులు, తాళం స్విచ్. సోలినాయిడ్ మీద స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి నేరుగా నిప్పురవ్వలతో స్టార్టు చేసే అలవాటు మన మెకానిక్కుల్లో కొందరికి ఉంది. ఆ రక్షణ స్విచ్‌ను అది దాటేస్తుంది. పైగా మూసిన ఇంజను గదిలో బ్యాటరీ నుంచి వచ్చిన హైడ్రోజన్ నిలిచి ఉంటే ఆ రవ్వే చాలు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే అంటుకుంటుంది.

ఇప్పుడు ఖర్చు లేని ఒక పరీక్ష. ఇంజను గదిలో అదే బ్యాటరీ మీద వెలిగే దీపం ఒకటి వేసి, దాన్ని చూస్తూ సెల్ఫ్ కొట్టండి. దీపం ఏమాత్రం తగ్గకపోతే పెద్ద కరెంటు ప్రవహించలేదని అర్థం. లోపం స్విచ్‌లోనో, సోలినాయిడ్‌లోనో, సెల్ఫ్ మోటారులోనో ఉంది. దీపం బాగా మందగిస్తే కరెంటు పోతోంది, కానీ పని జరగడం లేదు. బ్యాటరీ బలహీనంగా ఉంది, లేదా ఇంజనే బిగుసుకుంది. దీపం పూర్తిగా ఆరిపోయి, సెల్ఫ్ వదలగానే మళ్లీ వెలిగితే ఎక్కడో తీగ కలయిక చెడింది. మూడు ఫలితాలు, మూడు దారులు. మీటరు లేని చోట ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

తీగ కలయిక చెడడం అంటే ఏమిటో లెక్కవేసి చూద్దాం. ఓమ్ నియమం మీరు ఇంటర్మీడియట్‌లో చదివినదే. సెల్ఫ్ మోటారు 300 ఆంపియర్లు లాగుతున్నదనుకోండి. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూతపట్టి, అక్కడ నిరోధం 0.01 ఓమ్ మాత్రమే పెరిగింది. ఓమ్‌లో నూరోవంతు. మామూలుగా లెక్కలోకి రాని నిరోధం అది. కానీ 300 ఆంపియర్ల దగ్గర అక్కడ పోయే వోల్టేజి 300 × 0.01 = 3 వోల్టులు. పన్నెండు వోల్టుల్లో నాలుగోవంతు ఆ పూతే మింగేసింది. అక్కడ వేడిగా మారే శక్తి 300 × 3 = 900 వాట్లు, అంటే ఒక ఇస్త్రీపెట్టె అంత. అందుకే అనుభవం ఉన్నవాడు అయిదారు సెకన్లు సెల్ఫ్ కొట్టి ఆపేసి, కలయికల మీద చేతివేళ్ల వెనుక భాగం ఆనించి చూస్తాడు. ఏది వెచ్చగా ఉంటే దొంగ అదే.

అదే కలయిక చిన్న దీపానికి అడ్డు రాదు. దీపం లాగేది ఒకటి రెండు ఆంపియర్లు. 0.01 ఓమ్ దగ్గర పోయేది వోల్టులో నూరోవంతో, రెండొంతులో. అందుకే 'లైట్లు వెలుగుతున్నాయి కదా, బ్యాటరీ బాగానే ఉంది' అనే వాదన నిలవదు. ఈ మాట అనని సరంగును నేను ఇంతవరకు చూడలేదు.

మీటరు ఉంటే పని ఇంకా తేలిక. సెల్ఫ్ కొట్టకుండా విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉంది. 12.2 అంటే దాదాపు సగం. 12.0 దగ్గరకు వచ్చిందంటే అడుగంటింది. పెద్ద లాంచీల్లో రెండు బ్యాటరీలను వరసగా కలిపి 24 వోల్టులు తీస్తారు; అక్కడ ఒక్కొక్క బ్యాటరీనీ విడిగా కొలవాలి, ఒకటి చెడితే రెండూ చెడినట్లే కనిపిస్తుంది. తరువాత మీటరు ఒక ముల్లు బ్యాటరీ సీసపు మొలక మీద, రెండోది దానికి బిగించిన క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఆ రెండింటి మధ్య దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు కనిపించినా విప్పి, గీకి, మళ్లీ బిగించవలసిందే. ఎర్తు తీగ వైపు కూడా ఇలాగే చూడండి. నెగటివ్ వైపు తీగను ముందు విప్పి, చివర బిగించడం మరవకండి.

ఇవన్నీ బాగుండి, ఒకే 'టక్'తో ఇంజను గోడకు కొట్టుకున్నట్లు ఆగిపోతుంటే అక్కడితో ఆపండి. దాని సంగతి చివర వస్తుంది.

తిరుగుతుంది, అంటుకోదు

ఇప్పుడు రెండో కొమ్మకు వద్దాం. సెల్ఫ్ హుషారుగా తిప్పుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. ఇలాంటప్పుడు సెల్ఫ్‌ను అదేపనిగా కొట్టకూడదు. పది పదిహేను సెకన్లు తిప్పి, ఒకటి రెండు నిమిషాలు దానికి విశ్రాంతి ఇవ్వాలి. ఆ విశ్రాంతిలో పొగ గొట్టం వైపు చూడండి.

పొగే లేదంటే ఇంధనం సిలిండరులోకి చేరడం లేదు. తెల్లని పొగ వస్తున్నదంటే ఇంధనం చేరుతోంది కానీ మండడం లేదు. మీరు చూస్తున్నది మండని డీజిల్ ఆవిరి. నల్లని పొగ వస్తే మండుతోంది కానీ గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందేమో, గాలి దారిలో గుడ్డపీలిక ఉందేమో చూడండి. ఎంతో తర్కం చేయవలసిన చోట ప్రకృతి మనకు ఉచితంగా ఇచ్చిన సమాచారం ఇది.

పొగ లేని సందర్భమే ఎక్కువ. ముందుగా స్టాపు లీవరు చూడండి. డీజిల్ ఇంజనును ఆపడమంటే ఇంధనాన్ని ఆపడమే. నిన్న సాయంత్రం ఆపడానికి లాగిన తీగ తిరిగి పూర్తిగా లోపలికి పోకపోతే ఈరోజు ఎంత తిప్పినా పంపు చుక్క డీజిల్ ఇవ్వదు. కొన్నింటిలో ఈ పని విద్యుత్ సోలినాయిడ్ చేస్తుంది. తాళం తిప్పగానే అక్కడ చిన్న 'టిక్' వినిపించాలి. తరువాత ట్యాంకు కింది కుళాయి తెరిచి ఉందా, ట్యాంకులో డీజిల్ ఉందా అన్నవి. నవ్వకండి. గేజీని నమ్మి, పుల్ల ముంచి చూడని కారణంగా విప్పిన ఇంజనులు చాలా ఉన్నాయి.

ఇవి సరిగ్గా ఉంటే ఇక అనుమానించవలసినది గాలిని. మెకానిక్కులు 'ఎయిర్ పట్టింది' అంటారు. ఈ పాఠంలో మీరు బాగా అర్థం చేసుకోవలసిన భాగం ఇదే.

డీజిల్ దారిని గుర్తుచేసుకోండి. ట్యాంకు నుంచి కుళాయి, నీటిని వేరుచేసే గిన్నె, ఫీడు పంపు, ఫిల్టరు, అధిక పీడన పంపు, అక్కడి నుంచి సన్నని ఉక్కు గొట్టాల్లో నాజిల్స్. పాతకాలపు యాంత్రిక నాజిల్ సుమారు 200 బార్ల పీడనం దగ్గర తెరుచుకుంటుంది. పంపు ఒక్కో స్ట్రోకుకు తోసే డీజిల్ చాలా కొద్ది. ఉదాహరణకు 40 ఘన మిల్లీమీటర్లు అనుకుందాం, ఒకటి రెండు చుక్కలంత. పంపు గదిలో 50 ఘన మిల్లీమీటర్ల గాలి బుడగ చిక్కుకుంది. బాయిల్ నియమం ప్రకారం ఆ బుడగ పీడనం 1 బార్ నుంచి 200 బార్లకు చేరాలంటే దాని పరిమాణం 50 నుంచి 0.25 ఘన మిల్లీమీటర్లకు తగ్గాలి. అంటే 49.75 ఘన మిల్లీమీటర్ల మేర నొక్కాలి. పంపు నొక్కగలిగేది 40. స్ట్రోకు అయిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. పంపు వెనక్కి రాగానే బుడగ మళ్లీ ఉబ్బి మొదటికి వస్తుంది. సాయంత్రం దాకా తిప్పినా ఇంతే. సెనగగింజంత గాలి, వంద గుర్రాల ఇంజనును ఆపేస్తుంది.

ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడే ఆయిలింజనుకూ లాంచీ ఇంజనుకూ తేడా. ఆయిలింజను ట్యాంకు నెత్తిన ఉంటుంది. డీజిల్ తన బరువుతో తానే కిందికి దిగుతుంది. గొట్టానికి చిల్లు పడితే డీజిల్ బయటికి కారుతుంది, కంటికి కనిపిస్తుంది. లాంచీలో ట్యాంకు తరచు ఇంజను కంటే కింద గానీ, సమానంగా గానీ ఉంటుంది. ఫీడు పంపు పీల్చుకోవాలి. పీల్చే గొట్టంలో పీడనం బయటి గాలి కంటే తక్కువ. అక్కడ చిల్లు పడితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. తడి కనిపించదు, వాసన రాదు, కింద మరక పడదు. కారని చిల్లే ఎక్కువ ప్రమాదకరం.

మా ఊళ్లో ఒక రైతు ఆయిలింజను ట్యాంకు తుప్పుపట్టి కారుతున్నదని దాన్ని తీసేసి, ప్లాస్టిక్ డబ్బా నేల మీద పెట్టి గొట్టం వేసుకున్నాడు. రెండు రోజులు నడిచి ఆగింది. పంపు విప్పించారు, నాజిల్ మార్పించారు, పంపు మళ్లీ విప్పించారు. చివరకు తేలినది, డబ్బా నుంచి వచ్చే గొట్టానికి క్లిప్పు దగ్గర వెంట్రుకవాసి పగులు. డబ్బాను ఇంజను కంటే ఎత్తుగా బల్ల మీద పెట్టి ఉంటే ఆ పగులు దగ్గర డీజిల్ బొట్లు బొట్లుగా కారి తన చోటు తానే చెప్పి ఉండేది. తెలియకుండానే ఆ రైతు తన ఆయిలింజనును లాంచీ ఇంజనుగా మార్చుకున్నాడు. ఈ ఉదాహరణలోనే మీకు పరీక్ష కూడా ఉంది: పీల్చే గొట్టం మీద అనుమానం ఉంటే, ఎత్తులో పెట్టిన చిన్న డబ్బా నుంచి నేరుగా ఫీడు పంపుకు డీజిల్ ఇచ్చి చూడండి. స్టార్టయితే లోపం ట్యాంకుకూ ఫీడు పంపుకూ మధ్యే. కాకపోతే దాని తరువాతే.

ఎయిర్ తీయడం ఎప్పుడూ ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపుకే సాగాలి. ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూను రెండు చుట్లు వదులుచేసి, ఫీడు పంపు చేతి లీవరును ఆడించండి. ముందు నురగ వస్తుంది, తరువాత బుడగలు, ఆ తరువాత అద్దంలాంటి డీజిల్ ధార. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. లీవరు ఆపేసి బిగిస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. తరువాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని. అప్పటికీ స్టార్టు కాకపోతే నాజిల్స్ దగ్గర గొట్టాల నట్లు ఒక్కొక్క చుట్టు వదులుచేసి, యాక్సిలరేటరు సగం పైన పెట్టి, సెల్ఫ్ కొట్టించండి. నట్టు కింద నుంచి డీజిల్ చిమ్మగానే బిగించండి. ఈ సమయంలో వేళ్లూ ముఖమూ దూరంగా ఉండాలి. ఆ పీడనంతో చిమ్మే సన్నని ధార చర్మంలోకి దూసుకుపోగలదు. పైకి సూదిగుచ్చినంతే కనిపించినా అది వెంటనే ఆస్పత్రికి పోవలసిన గాయం.

ఎయిర్ తీసిన ప్రతిసారీ గంటకో పూటకో మళ్లీ పడుతుంటే మీరు తీస్తున్నది లక్షణాన్ని, జబ్బును కాదు. వాడిన రాగి వాషర్లు, ఎండి గట్టిపడిన రబ్బరు గొట్టాలు, ఫిల్టరు మూత కింది రింగు, వీటిని వరసగా చూడండి.

నిజాంపట్నంలో జూన్ 15

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటపై నిషేధం. చేపలు గుడ్లుపెట్టే కాలం. నిషేధం ముగిసిన ఉదయం రేవులో ఇంజనులన్నీ ఒక్కసారి లేవాలి. కొన్ని లేవవు. ఒక పడవకు మొదటి రోజు వేట తప్పిందంటే రెండు నెలలు ఖాళీగా ఉన్న ఆరేడుగురి కూలి తప్పినట్లు.

ఆ 61 రోజుల్లో ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి. బ్యాటరీ తనంతట తానే కొంత దిగిపోయింది. ఉప్పుగాలికి టెర్మినల్స్ పూతపట్టాయి. సగం ఖాళీగా వదిలిన ట్యాంకులో పగలు వేడెక్కి రాత్రి చల్లబడే గాలిలోని తేమ గోడలకు పట్టి, చుక్కలుగా దిగింది. డీజిల్ సాంద్రత లీటరుకు సుమారు 0.83 కిలోలు, నీటిది 1 కిలో. కనుక నీరు అడుగున చేరుతుంది. ట్యాంకులో గొట్టం డీజిల్ తీసుకునేదీ అడుగు దగ్గరే. ఆ రెండు పొరలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగటగా నల్లని మడ్డి తయారవుతుంది. మొదటి రోజు కెరటాలకు పడవ ఊగగానే మడ్డి కదిలి ఫిల్టరుకు అడ్డంపడుతుంది. రేవులో స్టార్టయిన ఇంజను సముద్రంలో ఆగడానికి కారణం ఎక్కువగా ఇదే.

అందుకని నీటిని వేరుచేసే గిన్నె అడుగు కుళాయి విప్పి, కొంత డీజిల్ గాజుసీసాలోకి పట్టి, అయిదు నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున గీత గీసినట్లు వేరే పొర కనిపిస్తే అది నీరు. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా పట్టి పారేయండి, రేవు నీళ్లలోకి కాదు. నీరు నాజిల్‌కు చేరితే మండకపోవడం ఒక నష్టం, లోపలి సూది అరిగిపోవడం ఇంకో నష్టం. పంపుకూ నాజిల్‌కూ కందెన కూడా డీజిలే. నిషేధానికి ముందు ట్యాంకును నిండా నింపి కట్టేస్తే తేమ పట్టడానికి ఖాళీ గాలే ఉండదు. సీజను చివర చేతిలో డబ్బు ఉండే వేళ కాదు కనుక ఈ సలహా ఎంతమంది పాటించగలరో నేను చెప్పలేను.

తెల్లపొగ, సంపీడనం

డీజిల్ అందుతున్నా మండనప్పుడు వేడి చాలడం లేదని అర్థం. గత పాఠంలోని సూత్రాన్ని ఇక్కడ వాడదాం. 27 డిగ్రీల సెల్సియస్, అంటే 300 కెల్విన్ వద్ద ఉన్న గాలిని 17:1 నిష్పత్తిలో, వేడి బయటికి పోకుండా నొక్కితే ఉష్ణోగ్రత 300 × 17 ఘాతం 0.4, అంటే సుమారు 932 కెల్విన్. దాదాపు 660 డిగ్రీల సెల్సియస్. ఇది ఆదర్శ లెక్క. ఇంజను నెమ్మదిగా తిరిగితే నొక్కే సమయం పెరుగుతుంది. వేడి సిలిండరు గోడల్లోకి పోతుంది, గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది. అప్పుడు 0.4 బదులు 0.25 అనుకుని వేస్తే వచ్చేది సుమారు 609 కెల్విన్, అంటే 336 డిగ్రీలు. ప్రయోగశాలలో డీజిల్ 210 నుంచి 250 డిగ్రీల మధ్య తానే అంటుకున్నా, సిలిండరులో దానికి దొరికే సమయం సెకనులో కొన్ని వేయోవంతులే. అంత త్వరగా అంటుకోవాలంటే ఇంకా చాలా వేడి కావాలి.

అంటే తెల్లపొగకు కారణం తిరిగి బ్యాటరీయే కావచ్చు. నిమిషానికి 200 చుట్లు తిప్పవలసిన సెల్ఫ్ 80 చుట్లు తిప్పితే ఇంజను తిరిగినట్లే కనిపిస్తుంది, అంటుకోదు. మన ఆయిలింజను రైతుకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. డీకంప్రెషన్ లీవరు ఎత్తిపెట్టి, కవాటం తెరిచి ఉండగా హ్యాండిల్‌ను తేలిగ్గా తిప్పి, ఫ్లైవీలు జోరందుకున్నాక లీవరు వదులుతాడు. ఆ జోరే మొదటి సంపీడనాన్ని దాటిస్తుంది.

వేగం సరిగ్గా ఉండీ తెల్లపొగే వస్తుంటే గ్లోప్లగ్గులు (ఉన్న ఇంజనుల్లో), కవాటాల ఖాళీ, అరిగిన రింగులు, పంపు టైమింగు, ఈ వరసలో చూడాలి. ఇక్కడి నుంచి మెకానిక్ పని. ఈథర్ స్ప్రే గాలి దారిలో కొట్టి లేపడం మాత్రం వద్దు. అది పిస్టన్ పైకి చేరకముందే పేలగలదు. వేడి గ్లోప్లగ్గు తోడైతే చెప్పనక్కరలేదు.

నీటి మీద మాత్రమే వచ్చే ప్రమాదం

ఆయిలింజనులో లేని ఒక అపాయం లాంచీలో ఉంది. చాలా ఇన్‌బోర్డు ఇంజనులు బయటి నీటిని పీల్చి, ఇంజనును చల్లబరచి, ఆ నీటిని పొగ గొట్టంలోకే వదులుతాయి. నడిచే ఇంజనులో పొగ వేగం ఆ నీటిని బయటికి తోసేస్తుంది. స్టార్టు కాని ఇంజనును పదేపదే తిప్పుతుంటే నీటి పంపు మాత్రం తిరుగుతూ నీళ్లు పోస్తూనే ఉంటుంది, తోయడానికి పొగ ఉండదు. సైలెన్సరు నిండి, నీరు వెనక్కి పొర్లి, తెరిచి ఉన్న కవాటం గుండా సిలిండరులోకి దిగుతుంది. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. పైకి వస్తున్న పిస్టన్ అక్కడ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇందాక చెప్పిన, గోడకు కొట్టుకున్నట్లుండే 'టక్' ఇదే కావచ్చు. అప్పుడు ఇంకోసారి సెల్ఫ్ కొట్టడమంటే యాభై రూపాయల వాషరుతో పోయే లోపాన్ని ఇంజను రీబోరింగు దాకా తీసుకుపోవడమే. నాజిల్స్ విప్పి, ఇంజనును చేత్తో తిప్పి నీటిని బయటికి తీయాలి. ఉప్పునీరైతే అదే రోజు.

కనుక రెండు మూడు ప్రయత్నాలకు స్టార్టు కాకపోతే బయటి నీరు వచ్చే కుళాయి కట్టేసి, ఆ తరువాతే పరీక్షలు చేయండి. స్టార్టయిన వెంటనే ఆ కుళాయి తెరవాలి. నీళ్లు లేకుండా తిరిగితే పంపులోని రబ్బరు చక్రం కొద్దిసేపట్లోనే మాడిపోతుంది. మరచిపోకుండా తాళంచెవికి ఒక గుడ్డపీలిక కట్టుకునే సరంగులు ఉన్నారు. మంచి పద్ధతి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను గదిలోని దీపం పూర్తిగా ఆరిపోయి, వదలగానే వెలిగింది. లోపం ఎక్కడ వెతకాలి? కలయిక దగ్గర నిరోధం 0.02 ఓమ్, కరెంటు 200 ఆంపియర్లు అయితే అక్కడ పోయే వోల్టేజి ఎంత, వేడిగా మారే శక్తి ఎంత?

2. ఒక లాంచీ ఎయిర్ తీసిన తరువాత స్టార్టయి, ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయింది. గొట్టాల మీద ఎక్కడా తడి లేదు. లోపం ఫీడు పంపుకు ముందు ఉందా, తరువాత ఉందా అని తేల్చడానికి ఒకే ఒక పరీక్షను సూచించండి. రెండు ఫలితాలకూ అర్థం రాయండి.

3. మీకు అందుబాటులో ఉన్న ఆయిలింజనును గానీ, ట్రాక్టరును గానీ పరిశీలించి ట్యాంకు నుంచి నాజిల్ దాకా డీజిల్ దారిని బొమ్మ గీయండి. ఏ భాగంలో చిల్లు పడితే డీజిల్ బయటికి కారుతుందో, ఏ భాగంలో పడితే గాలి లోపలికి పోతుందో వేర్వేరు రంగులతో గుర్తించండి.